ఫార్మాట్ కొట్టే ముందు

కంప్యూటర్ రిపేరు షాపుల్లో రోజూ వినిపించే ప్రశ్న ఒకటుంది. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో అయినా సరే, మండల కేంద్రంలో బస్టాండు పక్కనున్న చిన్న గదిలో అయినా సరే, మెకానిక్ లాప్‌టాప్ ఆన్ చేసి చూసి, "విండోస్ దెబ్బతిందండీ, ఫార్మాట్ కొట్టి మళ్లీ వెయ్యాలి. డేటా ఏమైనా ఉందా?" అని అడుగుతాడు. తెచ్చినవాళ్లు ఒక్క క్షణం ఆగి, "పెద్దగా ఏం లేదు బాబూ, డెస్క్‌టాప్ మీద ఏవో కొన్ని ఫోటోలుంటాయి, అవి తీసిపెట్టు చాలు" అంటారు. సాయంత్రానికల్లా కంప్యూటర్ కొత్తదానిలా తిరిగొస్తుంది. వారం గడిచాక జీఎస్టీ రిటర్ను వెయ్యడానికి కూర్చుంటే పాత లెక్కలు కనిపించవు. నెల గడిచాక అమ్మాయి పెళ్లి వీడియో గుర్తొస్తుంది.

కౌంటర్ దగ్గర నిలబడి చెప్పగలిగే జవాబు కాదది. ఇంట్లో కంప్యూటర్ ముందు తీరిగ్గా కూర్చుని వెతికితే తప్ప, మనవి ఏమేం ఉన్నాయో ఎవరికీ తెలియదు. ఆపరేటింగ్ సిస్టమ్ మళ్లీ వేయడంలో అసలు పని ఆ వెతుకులాటే. మిగతాదంతా చాలావరకు యంత్రమే చూసుకుంటుంది. ఈ ప్రసంగంలో నేను మీతో చెప్పాలనుకున్నది ముఖ్యంగా ఆ వెతుకులాట గురించే.

ఈ సంగతి చెప్పుకోవాల్సిన అవసరం ఈమధ్య మరీ పెరిగింది. 2015 జులైలో వచ్చిన విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలుగా ఇచ్చే మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. ఆ తర్వాత పేరు నమోదు చేసుకున్న వాడుకదారులకు మరో ఏడాది పాటు భద్రతా అప్‌డేట్లు ఇస్తామన్నారు, అంతవరకే. దాంతో ఇళ్లల్లో, ఆఫీసుల్లో, జిరాక్స్ సెంటర్లలో ఉన్న కంప్యూటర్లను విండోస్ 11కి మార్చుకునేవాళ్లు మార్చుకుంటున్నారు. టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ లేక విండోస్ 11 ఎక్కని పాత యంత్రాలకు లినక్స్ అనే మరో ఆపరేటింగ్ సిస్టమ్ వేయించుకునేవాళ్లూ ఉన్నారు. ఎటు వెళ్లినా దారిలో పాత ఫైళ్లకు ఒక గండం ఉంది.

ముందుగా ఒక లెక్క మనసులో తేల్చుకోవాలి. కంప్యూటర్లో ఉన్నవాటిలో మళ్లీ దొరికేవేవి, దొరకనివేవి? విండోస్ పోతే మళ్లీ దొరుకుతుంది. మైక్రోసాఫ్ట్ వెబ్‌సైట్ నుంచి ఉచితంగా దించుకోవచ్చు. ఒరిజినల్ విండోస్‌తో కొన్న కంప్యూటరైతే లైసెన్సు కూడా ఎక్కడికీ పోదు. అది ఆ యంత్రంతోనే ముడిపడి ఉంటుంది కాబట్టి అదే ఎడిషన్ మళ్లీ వేసి ఇంటర్నెట్‌కి కలిపితే సాధారణంగా తనంతట తానే యాక్టివేట్ అవుతుంది. వర్డ్, క్రోమ్ లాంటి సాఫ్ట్‌వేర్లూ అంతే. కానీ మీ అబ్బాయి మొదటి అడుగులు వేసిన వీడియో ఏ వెబ్‌సైట్లోనూ దొరకదు. మీ నాన్నగారి చేతిరాతలో ఉన్న భూమి కాగితాన్ని మీరు స్కాన్ చేసి దాచిన ఫైలు, అసలు కాగితం చెదలు తినేశాక, ప్రపంచం మొత్తంలో ఒక్కచోటే ఉంది. విండోస్ సంగతి తర్వాత చూసుకోవచ్చు. ముందు వీటి సంగతి చూడాలి.

అసలు మళ్లీ వేయాల్సిన అవసరం ఉందా అన్నది కూడా ఒక్కసారి ఆలోచించండి. కంప్యూటర్ నెమ్మదించిందంటే విండోసే పాడైందని కాదు. సి డ్రైవ్ నిండిపోయి ఊపిరాడక నెమ్మదించి ఉండవచ్చు. పాతకాలపు తిరిగే హార్డ్ డిస్క్ అయితే దాని స్థానంలో తిరిగే భాగాలు లేని ఎస్ఎస్‌డీ వేయిస్తే, ఉన్న విండోసే చురుగ్గా పరుగెత్తవచ్చు. అన్నిటికన్నా ముఖ్యం, హార్డ్ డిస్క్ లోపల టక్ టక్ మని చప్పుడు వస్తున్నా, ఒక్క ఫోల్డర్ తెరవడానికే నిమిషాలు పడుతున్నా, చిక్కు విండోస్‌లో కాదు, డిస్క్‌లోనే ఉందని అనుమానించాలి. అలాంటి డిస్క్ మీద మళ్లీ విండోస్ వేయడమంటే చివరి శ్వాసలో ఉన్నదానితో బరువు మోయించడమే. ముందు ఫైళ్లు బయటికి తీయాలి, ముఖ్యమైనవి మొదట, సినిమాలూ పాటలూ చివర. ఆ డిస్క్‌ను మళ్లీ నమ్మకూడదు.

ఇక వెతుకులాట.

మొదట తెలుసుకోవాల్సింది, డెస్క్‌టాప్ అంటే సి డ్రైవే అని. తెర మీద కనిపిస్తుంది కదా, అది వేరే చోటని చాలామంది అనుకుంటారు. డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, డౌన్‌లోడ్స్, పిక్చర్స్ అన్నీ సి డ్రైవ్‌లో యూజర్స్ అనే ఫోల్డర్‌లో, మీ పేరుతో ఉన్న ఫోల్డర్ లోపల ఉంటాయి. సి డ్రైవ్ ఫార్మాట్ చేస్తే అన్నీ ఒక్కసారే పోతాయి. ఇంట్లో ఒకే కంప్యూటర్‌ని నలుగురు వాడుతుంటే యూజర్స్‌లో నాలుగు పేర్లుంటాయి. మీ పేరు చూసుకుని సరిపెట్టుకోకండి, చెల్లెలి పేరుతో ఉన్నదీ తెరిచి చూడండి. పబ్లిక్ అని ఇంకో ఫోల్డర్ కూడా అక్కడే ఉంటుంది, దాన్నీ వదలొద్దు.

డెస్క్‌టాప్ మీద బొమ్మల్ని పెన్‌డ్రైవ్‌లోకి లాగి, అంతా కాపీ అయిందనుకోవడం ఇంకో ప్రమాదం. బొమ్మ కింది మూలన చిన్న బాణం గుర్తు ఉంటే అది షార్ట్‌కట్. ఫైలు వేరే ఎక్కడో ఉంది, ఈ బొమ్మ దానికి దారి చూపేది మాత్రమే. షార్ట్‌కట్‌ని కాపీ చేసుకుంటే మీ చేతికొచ్చేది దారి చూపే చీటీ. ఫార్మాట్ అయ్యాక ఆ దారి చివర ఏమీ ఉండదు. వంద ఫోటోల ఫోల్డర్ అనుకున్నది పెన్‌డ్రైవ్‌లో ఒకటి రెండు కేబీలే ఉందంటే అక్కడే ఆగిపోవాలి.

ఇంటర్నెట్‌లో ఫైళ్లు దాచే మైక్రోసాఫ్ట్ క్లౌడ్ సదుపాయం వన్‌డ్రైవ్ గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. ఈమధ్య కొన్న చాలా లాప్‌టాప్‌లలో మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ అయినప్పుడు డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, పిక్చర్స్ ఫోల్డర్లు వన్‌డ్రైవ్‌తో జతపడి ఉంటాయి. వాడేవాళ్లలో చాలామందికి ఆ సంగతి తెలియదు. ఉచితంగా ఇచ్చే చోటు 5 జీబీ. అది నిండాక కొత్త ఫైళ్లు పైకి వెళ్లడం ఆగిపోతుంది. మీరేమో అన్నీ క్లౌడ్‌లో భద్రంగా ఉన్నాయనుకుంటారు. దీనికి తలకిందుల సంగతి కూడా ఉంది. ఫైలు పక్కన నీలం రంగు మేఘం గుర్తు ఉంటే ఆ ఫైలు మీ డిస్క్‌లో లేదు, క్లౌడ్‌లోనే ఉంది. దాన్ని హార్డ్ డిస్క్‌లోకి కాపీ చేసుకోవాలంటే ఇంటర్నెట్ ఉండాలి, ముందు అది కిందికి దిగాలి. కాబట్టి వన్‌డ్రైవ్ ఉన్నవాళ్లు చేయాల్సింది, వేరే కంప్యూటర్లోనో ఫోన్లోనో బ్రౌజర్ తెరిచి, వన్‌డ్రైవ్‌లోకి వెళ్లి, తమ ఫైళ్లు నిజంగా అక్కడ ఉన్నాయో లేదో కళ్లారా చూసుకోవడం. గూగుల్ డ్రైవ్‌కీ ఇదే మాట. అక్కడ ఉచితంగా ఇచ్చేది 15 జీబీ, అందులోనే జీమెయిలూ, ఫోటోలూ సర్దుకోవాలి.

తర్వాత, కంటికి కనిపించని ఫైళ్లు. మీ పేరుతో ఉన్న ఫోల్డర్‌లోనే యాప్‌డేటా అని ఒకటి దాగి ఉంటుంది. బ్రౌజర్లో మీరు దాచుకున్న బుక్‌మార్కులు, పాస్‌వర్డులు ఉండేది అందులోనే. క్రోమ్‌లో గూగుల్ ఖాతాతో సింక్ పెట్టుకున్నవాళ్లకు అవి తిరిగొస్తాయి. పెట్టుకోనివాళ్లు బుక్‌మార్కులను ఒక ఫైలుగా బయటికి తీసి దాచుకోవాలి. తెర మీద పసుపు చీటీల్లా అంటించుకునే స్టిక్కీ నోట్స్ కూడా అక్కడే ఉంటాయి. కొందరు వాటిలో బ్యాంకు వివరాల నుంచి పాలవాడి బాకీ దాకా రాసుకుంటారు. అవుట్‌లుక్ వాడే ఆఫీసువాళ్ల ఉత్తరాలు చాలాచోట్ల పీఎస్‌టీ అనే ఫైల్లో ఉంటాయి. దాన్ని వెతికి పట్టుకుని దాచాలి.

లెక్కలు రాసే టాలీ సంగతి మరీ ముఖ్యం. టాలీ వేసినప్పుడు ఏ ఫోల్డర్ ఎంచుకున్నారో డేటా అక్కడికే వెళ్తుంది. ఒకచోట పబ్లిక్ ఫోల్డర్‌లో, ఒకచోట ప్రోగ్రామ్ ఫైల్స్‌లో, ఒకచోట నేరుగా సి డ్రైవ్ మొదట్లో కనిపిస్తుంది. ఊహించొద్దు. టాలీ తెరిచి, కంపెనీ ఎంచుకునే చోట డేటా దారి ఏమని చూపిస్తోందో చదివి కాగితం మీద రాసుకోండి. టాలీలోనే బ్యాకప్ సదుపాయం ఉంది, దానితో ఒక కాపీ తీయండి. ఆ డేటా ఫోల్డర్‌ని యథాతథంగా ఇంకో కాపీ తీయండి. సంవత్సరాల లెక్కలు, ఆడిట్లు, రేపు నోటీసు వస్తే చూపించాల్సిన బిల్లులు అన్నీ ఆ ఒక్క ఫోల్డర్‌లోనే.

నన్ను ఎక్కువ కలవరపెట్టేది డీటీపీ సెంటర్ల పరిస్థితి. తెలుగులో గడిచిన రెండు మూడు దశాబ్దాల్లో అచ్చయిన ఎన్నో పుస్తకాలు పేజ్‌మేకర్ అనే సాఫ్ట్‌వేర్‌లో, అనూ ఫాంట్లతో కూర్చినవి. పేజ్‌మేకర్ చివరి వెర్షన్ 7.0 వచ్చింది 2001లో, ఆ తర్వాత అడోబీ దాన్ని ముందుకు తీసుకెళ్లలేదు. అనూ ఫాంట్లు యూనికోడ్ కాదు. ఆ ఫాంట్ లేని కంప్యూటర్లో ఫైలు తెరిస్తే తెలుగు వాక్యాల స్థానంలో ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులు కలగాపులగంగా కనిపిస్తాయి. ఫాంట్లు ఉండేది విండోస్ ఫోల్డర్ లోపల, అంటే కొత్తగా వేసినప్పుడు తప్పకుండా పోయే చోట. కాబట్టి డీటీపీ చేసేవాళ్లు పేజ్‌మేకర్ ఫైళ్లతో పాటు ఫాంట్లనూ, వాటితో టైపు చేయించే అనూ స్క్రిప్ట్ మేనేజర్ సెటప్‌నూ, వాడిన వెర్షన్ ఏదో రాసిన చీటీనీ కలిపి దాచాలి. బొమ్మల విషయం ఇంకొకటి. పేజీలో పెట్టిన పెద్ద బొమ్మ చాలాసార్లు ఆ ఫైల్లో ఉండదు, వేరే ఫోల్డర్‌లో ఉన్న బొమ్మకు లింకు మాత్రమే ఉంటుంది. పేజీ ఫైలు ఒక్కటే దాస్తే ముద్రణకు పనికొచ్చే బొమ్మలు రావు. ఒక రచయిత కథల సంపుటికి రెండో ముద్రణ వెయ్యాలని ప్రచురణకర్త వచ్చేసరికి ఫైలు పోయిందంటే, అచ్చు పుస్తకం ముందు పెట్టుకుని మొదటి అక్షరం నుంచి మళ్లీ కంపోజ్ చేయించాలి, మళ్లీ ప్రూఫులు దిద్దించాలి. ఆ ఖర్చుకు వెనకాడి ఆగిపోయే పుస్తకాలు ఉంటాయి. అందుకే రచయితలకు నా మాట ఒక్కటి: మీ పుస్తకం ఫైలు డీటీపీ ఆపరేటర్ దగ్గరే వదిలెయ్యకండి. ఫాంట్లతో సహా అడిగి తెచ్చుకుని మీ దగ్గరా ఒక కాపీ పెట్టుకోండి. పీడీఎఫ్ కూడా తీసుకోండి, అది ఏ ఫాంటూ లేని యంత్రంలో కూడా తెలుగు తెలుగులాగే కనిపిస్తుంది.

వెతికినవి ఎక్కడ పెట్టాలి? "డి డ్రైవ్‌లోకి మార్చేశాను, ఇంక భయం లేదు" అనే మాట తరచుగా వింటాం. మన దగ్గర కంప్యూటర్ అసెంబుల్ చేసేటప్పుడు ఒకే హార్డ్ డిస్క్‌ని సి, డి, ఇ అని విభజించి ఇవ్వడం అలవాటు. అవి ఒకే ఇంట్లో రెండు మూడు బీరువాలు. ఒక బీరువా సర్దుకోవడానికి పక్క బీరువా పనికొస్తుంది కానీ ఇల్లు అంటుకుంటే అన్నీ పోతాయి. విండోస్ వేసేటప్పుడు విభాగాల పేర్లు కూడా మనకు అలవాటైన సి, డి అని కనిపించవు. డిస్క్ 0 పార్టిషన్ 1, పార్టిషన్ 2 అని అంకెలుంటాయి. తొందరలో అది డి అని తెలియక దాన్నే డిలీట్ చేసేస్తే ఆ భద్రతంతా అక్కడితో సరి. కాబట్టి కాపీ వేరే వస్తువులో ఉండాలి. యూఎస్‌బీతో పెట్టుకునే బయటి హార్డ్ డిస్క్ మంచిది. పని అయ్యేదాకా దాన్ని కంప్యూటర్‌కి తగిలించి ఉంచకుండా పక్కకు తీసిపెట్టండి.

పెన్‌డ్రైవ్‌తో రెండు చిక్కులున్నాయి. చాలా పెన్‌డ్రైవ్‌లు ఫ్యాట్32 అనే పద్ధతిలో వస్తాయి. అందులో 4 జీబీ మించిన ఒక్క ఫైలు పట్టదు, ఎంత ఖాళీ ఉన్నా సరే. పెళ్లి వీడియో దగ్గర కాపీ ఆగిపోయేది అందుకే. దాన్ని ఎక్స్‌ఫ్యాట్‌గానో ఎన్‌టీఎఫ్‌ఎస్‌గానో ఫార్మాట్ చేసి వాడుకోవాలి, ఖాళీగా ఉన్నప్పుడే. రెండోది ఇంకా పెద్దది. విండోస్ వేయడానికి తయారు చేసే పెన్‌డ్రైవ్ కనీసం 8 జీబీ ఉండాలి, తయారీలో దానిలో అంతకుముందు ఉన్నదంతా చెరిగిపోతుంది. ఫోటోలు దాచిన పెన్‌డ్రైవ్‌నే విండోస్ తయారీకి పెట్టడం లాంటి ఘోరం ఇంకోటి లేదు. రెండూ వేర్వేరుగా ఉండాలి, వాటి మీద పేర్లు రాసి అంటించాలి.

కాపీ చేశాక తెరిచి చూడాలి. ఈ మాట నేను గట్టిగా చెబుతున్నాను. 1998లో అమెరికాలో పిక్సార్ సంస్థ టాయ్ స్టోరీ 2 సినిమా తీస్తున్నప్పుడు ఎవరో పొరపాటున ఇచ్చిన ఒక్క ఆదేశంతో సర్వర్‌లో ఆ సినిమా ఫైళ్లు చాలావరకు చెరిగిపోయాయి. బ్యాకప్ ఉంది కదా అని చూస్తే అది సరిగా పనిచేయడం లేదు. అంతవరకూ ఎవరూ పరీక్షించి చూడలేదు. అదే సినిమాకు పనిచేస్తున్న గేలిన్ సుస్మన్ కొద్దికాలం ముందే బిడ్డను కన్నారు. ఇంటి నుంచే పనిచేయడానికి సినిమా కాపీ ఒకటి ఆమె ఇంటి కంప్యూటర్లో ఉంది. దాన్ని దుప్పట్లు చుట్టి జాగ్రత్తగా కార్లో తెచ్చి, అందులోంచే చాలా ఫైళ్లను తిరిగి నిలబెట్టారు. అంత పెద్ద సంస్థ బ్యాకప్పే అక్కరకు రాకపోతే, మన బయటి హార్డ్ డిస్క్‌ను ఒక్కసారి తెరిచి చూసుకోవడానికి బద్ధకించకూడదు. పాత ఫోల్డర్ మీదా కొత్త ఫోల్డర్ మీదా రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్ చూడండి. ఫైళ్ల సంఖ్య, పరిమాణం రెండుచోట్లా ఒకటేనా? తర్వాత అక్కడొకటి ఇక్కడొకటి ఫైళ్లు తెరవండి, వీలైతే వేరే కంప్యూటర్లో. వీడియో చివరిదాకా ఆడుతోందో లేదో చూడండి.

కంప్యూటర్ అసలు విండోస్‌లోకే వెళ్లకపోతే ఎలా? ఇక్కడే చాలామంది ఆశ వదులుకుంటారు. విండోస్ లేవకపోవడం వేరు, ఫైళ్లు పోవడం వేరు. డిస్క్ బాగుంటే ఫైళ్లు వాటి చోట అవి ఉంటాయి. ఉబుంటు లాంటి లినక్స్‌ని పెన్‌డ్రైవ్ నుంచే, ఇన్‌స్టాల్ చేయకుండా నడపవచ్చు. అందులోంచి మీ డిస్క్ తెరిచి ఫైళ్లను బయటి హార్డ్ డిస్క్‌లోకి కాపీ చేసుకోవచ్చు. విండోస్ ఇన్‌స్టాల్ పెన్‌డ్రైవ్ ఉన్నా దారి ఉంది. మొదటి తెర రాగానే షిఫ్ట్, ఎఫ్10 కలిపి నొక్కితే నల్లటి కమాండ్ కిటికీ తెరుచుకుంటుంది. అందులో నోట్‌ప్యాడ్ అని ఇంగ్లిష్‌లో కొట్టి, నోట్‌ప్యాడ్ వచ్చాక ఫైల్ మెనూలో ఓపెన్ నొక్కండి. కింద 'ఆల్ ఫైల్స్' ఎంచుకుంటే మీ డిస్క్‌లోని ఫోల్డర్లన్నీ కనిపిస్తాయి, అక్కడి నుంచే కాపీ చేసుకోవచ్చు. ఇవేవీ చేతకాదనుకుంటే షాపులో "ముందు డేటా తీయండి, తర్వాతే విండోస్ వేయండి" అని స్పష్టంగా చెప్పండి. డిస్క్‌ని విప్పి యూఎస్‌బీ అడాప్టర్‌తో వేరే కంప్యూటర్‌కి తగిలిస్తే వాళ్లకది సులువైన పని.

అయితే బిట్‌లాకర్ అనే తాళం ఒకటి ఉండవచ్చు. డిస్క్ మొత్తాన్ని ఎవరికీ అర్థం కాకుండా గుప్తీకరించే ఏర్పాటది. కొత్త లాప్‌టాప్‌లలో చాలావాటికి మనం అడక్కపోయినా అది ఆన్ అయి ఉంటుంది. విండోస్ మామూలుగా నడుస్తున్నంతకాలం దాని ఉనికే తెలియదు. డిస్క్‌ని వేరే దారిలో తెరవబోతే 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. అది లేకపోతే మెకానిక్ కాదు కదా, తయారు చేసిన కంపెనీ కూడా తెరవలేదు. మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ అయిన యంత్రాలకు ఆ కీ సాధారణంగా ఆ ఖాతాలోనే భద్రపడి ఉంటుంది. కంప్యూటర్ బాగున్నప్పుడే ఖాతాలోకి వెళ్లి చూసి, ఆ 48 అంకెలు కాగితం మీద రాసి ఇంటి పత్రాలతో పాటు పెట్టుకోండి.

ఇప్పుడు వేసే పద్ధతులు. విండోస్ లేస్తూనే ఉండి తిక్కతిక్కగా ప్రవర్తిస్తుంటే, మైక్రోసాఫ్ట్ ఇచ్చే, విండోస్ మొత్తం ఉండే ఐఎస్‌ఓ ఫైలు దించుకుని విండోస్ లోపలి నుంచే సెటప్ నడపడం ఉత్తమం. ఫైళ్లూ, సాఫ్ట్‌వేర్లూ రెండూ ఉంచమని అడిగితే రెండూ ఉంచి, కింద విండోస్‌ని మాత్రం కొత్తది వేస్తుంది. చాలా షాపులు ఈ దారి చెప్పవు, తిన్నగా ఫార్మాట్‌కే వెళ్తాయి. మీరే అడగండి.

రెండోది సెట్టింగ్స్‌లో ఉండే రీసెట్. అందులో 'కీప్ మై ఫైల్స్' అని ఒకటి, 'రిమూవ్ ఎవ్రీథింగ్' అని ఒకటి ఉంటాయి. మొదటిది ఎంచుకుంటే ఫైళ్లు ఉంటాయి, వేసుకున్న సాఫ్ట్‌వేర్లు పోతాయి. ఇక్కడ 'మై ఫైల్స్' అన్న మాటకు విండోస్ చెప్పుకునే అర్థం వేరు. విండోస్, ప్రోగ్రామ్ ఫైల్స్, ప్రోగ్రామ్ డేటా ఫోల్డర్లలో, ఇందాక చెప్పిన యాప్‌డేటాలో ఉన్నవి దాని దృష్టిలో మీ ఫైళ్లు కావు. టాలీ డేటా ప్రోగ్రామ్ ఫైల్స్ లోపల ఉంటే, మీరు 'ఫైళ్లు ఉంచు' అని చెప్పినా అది పోయే ప్రమాదం ఉంది. అనూ ఫాంట్లు పోతాయి. ఆ బటన్ అబద్ధం చెప్పడం లేదు, కానీ మీకు విలువైనది ఏదో దానికి తెలియదు.

విండోస్ తయారుచేసినవాళ్లే ఒకసారి ఈ లెక్క తప్పారు. 2018 అక్టోబర్ 2న మైక్రోసాఫ్ట్ విండోస్ 10కి 1809 అనే పెద్ద అప్‌డేట్ విడుదల చేసింది. కొందరి డాక్యుమెంట్స్, పిక్చర్స్ ఫోల్డర్లలోని ఫైళ్లు మాయమయ్యాయని ఫిర్యాదులు రావడంతో నాలుగు రోజులకే, అక్టోబర్ 6న, ఆపేసింది. కారణం ఏమిటంటే, ఆ ఫోల్డర్లను డి డ్రైవ్‌కో వేరే చోటికో మళ్లించుకున్నవాళ్లకు పాత చోట ఖాళీ ఫోల్డర్లు మిగిలి కనిపిస్తుండేవి. వాటిని శుభ్రం చేయడానికి రాసిన కోడ్, ఇంకా ఫైళ్లున్న పాత ఫోల్డర్లను కూడా తీసిపారేసింది. నష్టపోయినట్టు చెప్పినవాళ్లు పదివేలలో ఒకరే అని కంపెనీ వివరించింది. సరిదిద్ది మళ్లీ విడుదల చేసింది నవంబర్ 13న. ఆ పదివేలలో ఒకరు మీరైతే ఆ లెక్క మీకు ఏ ఊరటా ఇవ్వదు. అందుకే 'ఫైళ్లు ఉంచు' అన్న సదుపాయాన్ని వాడుకోండి, కానీ దాన్ని బ్యాకప్ అనుకోకండి.

మూడోది పెన్‌డ్రైవ్‌తో పూర్తిగా కొత్తగా వేయడం. వైరస్ పట్టినా, విండోస్ బాగుచేయలేనంతగా చెడినా ఇదే మార్గం. వేరే డిస్కులుంటే ముందు వాటి తీగలు విప్పేయండి. విభాగాల పట్టిక వచ్చినప్పుడు పేరు చూడకుండా పరిమాణం చూసి గుర్తుపట్టండి. సి డ్రైవ్ ఎంత జీబీయో ముందే రాసుకుని ఉంటే తికమక ఉండదు. ఫార్మాట్ చేయకుండా పాత విండోస్ ఉన్న విభాగం మీదే వేస్తే పాతదంతా 'విండోస్ డాట్ ఓల్డ్' అనే ఫోల్డర్‌లోకి వెళ్తుంది. అందులో యూజర్స్ తెరిస్తే పాత డెస్క్‌టాప్ దొరుకుతుంది. కానీ అది శాశ్వతం కాదు. అప్‌గ్రేడ్ అయినప్పుడైతే పది రోజులకే విండోస్ దాన్ని తుడిచేస్తుంది. అందులో ఏదైనా కావాలంటే ఆ రోజే బయటికి తీసుకోవాలి.

లినక్స్ వాడేవాళ్లకు ఈ బాధ కొంత తక్కువ. 'హోమ్' అనే ఫోల్డర్‌కి విడిగా ఒక పార్టిషన్ ఇచ్చుకుంటే, సిస్టమ్ ఎన్నిసార్లు మార్చినా హోమ్‌ని ఫార్మాట్ చేయకుండా వదిలెయ్యవచ్చు. వ్యక్తిగత వస్తువులు వేరు, వ్యవస్థ వేరు అన్న విభజన మొదటి నుంచీ లినక్స్‌లో ఉంది. విండోస్‌లో దాన్ని మనమే అలవాటుగా చేసుకోవాలి.

ఇంత చేసినా ఏదో పోయిందని తెలిస్తే ఆ కంప్యూటర్‌ని వెంటనే ఆపండి. కొత్తగా ఏదీ వేయొద్దు, దించుకోవద్దు. తిరిగే హార్డ్ డిస్క్‌లో క్విక్ ఫార్మాట్ చేసినా పాత డేటా మీద కొత్తది పడేదాకా వెనక్కి తెచ్చే అవకాశం ఉంటుంది. ఎస్ఎస్‌డీలో ఆ అవకాశం చాలా తక్కువ. ట్రిమ్ అనే ఆదేశంతో అది చెరిపిన చోటును తనే ఖాళీ చేసుకుంటుంది. కొత్త లాప్‌టాప్‌లన్నీ దాదాపు ఎస్ఎస్‌డీవే. రికవరీ సాఫ్ట్‌వేర్ ఉంది కదా అన్న పాత ధైర్యం ఇప్పుడు పనికిరాదు.

ఫోటోగ్రాఫర్ పీటర్ క్రోగ్ ప్రచారంలోకి తెచ్చిన ఒక సూత్రం ఉంది. ప్రతి విలువైన ఫైలుకీ మూడు కాపీలు, రెండు రకాల వస్తువుల మీద, ఒకటి వేరే చోట. ఇంటికి అన్వయిస్తే, ఒకటి కంప్యూటర్లో, ఒకటి బయటి హార్డ్ డిస్క్‌లో, ఇంకొకటి క్లౌడ్‌లోనో, మరో ఊళ్లో ఉన్న అన్నయ్య ఇంట్లోనో. వరద నీళ్లు ఇంట్లోకి వచ్చినప్పుడు కంప్యూటరూ, పక్కనున్న హార్డ్ డిస్కూ రెండూ తడుస్తాయి కాబట్టి ఆ మూడో కాపీకి విలువ.

రిపేరు షాపులు నడిపే సోదరులకు కూడా ఒక విన్నపం. "డేటా ఉందా" అని అడిగి ఊరుకోకండి. యూజర్స్ ఫోల్డర్ తెరిచి, తెచ్చినవాళ్లకు చూపించి, "ఇవి మీవేనా, టాలీ వాడతారా, డీటీపీ చేస్తారా" అని అడగండి. వాళ్లకు తెలియని సంగతి మీకు తెలుసు.

శ్రోతలారా, మీ కంప్యూటర్ ఇవాళ బాగానే పనిచేస్తుండవచ్చు. ఫైళ్లు దాచుకోవడానికి అనువైన రోజు అదే. ఈ ఆదివారం ఒక బయటి హార్డ్ డిస్క్ తెచ్చుకోండి. యూజర్స్ ఫోల్డర్‌తో మొదలుపెట్టండి. కాపీ అయ్యాక తెరిచి చూడండి.